'చేయాలి' నుంచి 'ప్రయత్నించాలి' దాకా

హక్కును తీసేయాలంటే చట్టాన్నే రద్దు చేయనక్కర్లేదు, అందులోని ఒక మాట మార్చినా చాలు. 2020లో ఇంగ్లండ్ చేసింది అదే.

అక్కడ పిల్లలు, కుటుంబాల చట్టం (2014) 42వ సెక్షన్ చాలా కచ్చితమైనది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు ప్రణాళిక రాసిచ్చాక, అందులోని విద్యాపరమైన సాయాన్ని స్థానిక సంస్థ అందించి తీరాలి. వారానికి రెండు గంటల స్పీచ్ థెరపీ అని రాసి ఉంటే రెండు గంటలూ ఇవ్వాల్సిందే. డబ్బుల్లేవు, మనుషుల్లేరు అంటే చెల్లదు. కోవిడ్ వచ్చాక, మే 1 నుంచి జులై 31 వరకు ఈ బాధ్యతను 'సహేతుకమైన ప్రయత్నం' చేస్తే చాలన్న స్థాయికి దించారు. తల్లిదండ్రులు గట్టిగా అడగడానికి ఉన్న ఆధారం ఆ మూడు నెలలూ సడలిపోయింది.

సడలింపు అసలే వద్దని వాదించడం నిజాయితీ కాదు. థెరపిస్టులూ జబ్బుపడ్డారు, కొందరిని వేరే వైద్యసేవలకు మళ్లించారు. కానీ ఫలానా బిడ్డకు ఏది ఆగింది, బదులుగా ఏమిచ్చారు, ఆగినది మళ్లీ ఎప్పుడు పూడుస్తారు? ఈ లెక్క లేని సడలింపు ఎగవేతకు దారి తీస్తుంది. ఫిజియోథెరపీని వీడియోలో నడిపితే థెరపిస్టు చేతులు చేయాల్సిన పని అమ్మ చేతుల మీద పడుతుంది. మాటలు రాని పిల్లాడికి తెర మీద ముఖం ఏ పాటి పాఠం చెబుతుంది?

కుటుంబాన్ని కలుసుకునే హక్కు కథ ఇంకాస్త విచిత్రం. విడిపోయిన తల్లిదండ్రుల ఇళ్ల మధ్య పిల్లలు తిరగొచ్చా అంటే, లాక్‌డౌన్ మర్నాడు, మార్చి 24న, మంత్రి మైకేల్ గోవ్ టీవీలో ముందు కూడదన్నారు, అదే రోజు సవరించుకుని తిరగొచ్చన్నారు. కలవడం కుదరకపోతే ఫోన్, వీడియో కాల్ లాంటి దారులు చూడమని కుటుంబ న్యాయస్థానాల అధిపతి సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ సూచించారు. బడికెళ్లే పిల్లలకైతే అది కొంతవరకు నడుస్తుంది.

ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పసివాళ్ల సంగతి వేరు. వాళ్లను తల్లిదండ్రులు తగినమేరకు కలిసే అవకాశం ఇవ్వాలని 1989 పిల్లల చట్టంలోని 34వ సెక్షన్ చెబుతుంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. అయినా చాలాచోట్ల ముఖాముఖి కలయికలు ఆగి, వీడియో కాల్ మిగిలింది. ఆరు నెలల బిడ్డకు అమ్మ అంటే వాసన, ఒడి, స్పర్శ. ఫోన్‌లో వినిపించే గొంతుతో ఆ బంధం నిలబడుతుందనుకోవడం పెద్దల సౌకర్యం. పైగా బిడ్డను ప్రభుత్వ సంరక్షణలో ఉంచాలా వద్దా అని కోర్టు నిర్ణయించే కేసులు 26 వారాల్లో తేల్చాలన్నది అక్కడి నియమం. కోర్టు గడువు పొడిగించవచ్చు గానీ, బిడ్డ ఎదుగుదలకు గడువు పొడిగించలేం కదా. తల్లీబిడ్డలు కలిసినప్పుడు ఎలా ఉన్నారన్నది ఆ విచారణలో ఒక ఆధారం. కలవనివ్వకుండా బంధం పలచబడిందని రాసుకుంటే తప్పు ఎవరిదవుతుంది? ఆ రోజుల్లో చర్చ అంతా బడుల చుట్టూనే తిరిగింది. ఈ ప్రశ్నను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఏప్రిల్ 24న మరో నిబంధనల కట్ట అమల్లోకి వచ్చింది. పార్లమెంటు ముందుంచిన మర్నాడే! సంరక్షణలోని పిల్లల దగ్గరికి సోషల్ వర్కర్ వెళ్లాల్సిన గడువులు, ఆరు నెలలకోసారి జరగాల్సిన సమీక్షలు అందులో సడలిపోయాయి. ఆర్టికల్ 39 అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. నిబంధనలు రాసేముందు ప్రభుత్వం సంప్రదించింది ఆ బాధ్యతలు మోయాల్సిన పక్షాన్నే. పిల్లల తరఫున మాట్లాడే చిల్డ్రన్స్ కమిషనర్‌ను అడగనేలేదు. అది చట్టవిరుద్ధమని అప్పీలు కోర్టు నవంబరులో తేల్చింది. అప్పటికే ఆ సడలింపుల్లో చాలావాటి గడువు సెప్టెంబరు 25న ముగిసిపోయింది.