పదకొండు ఎకరాల ఆసామి

రెండు రోజులైంది, లిఫ్టు ఎక్కడం మానేశాను. మాది నాలుగో అంతస్తు. లిఫ్టులో ఎవరో ఒకరు ఉంటారు, ఉన్నవాళ్ళు ఊరుకోరు, "ఏమండీ, మూడు భూములావిడా" అని పలకరిస్తారు. అందుకని మోకాళ్ళు కిర్రుమంటున్నా మెట్లే. దీనివల్ల కరెంటు ఆదా అవుతోందనీ, ఆదివారం మీటింగు అసలు ఉద్దేశం నెరవేరినట్టేననీ మా ఆయన అంటున్నారు. ఈ మాట వడ్డించేటప్పుడు అనరు, తిని చెయ్యి కడుక్కున్నాక అంటారు.

సంగతేమిటంటే, మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారికి ఈ మధ్య పర్యావరణం పట్టుకుంది. ఇంతకుముందు యోగా పట్టుకుంది, దానికి ముందు సీసీ కెమెరాలు. భూమి ఒక ఏడాదిలో మళ్ళీ పుట్టించుకోగలిగినదంతా మనుషులు ఏడాది సగం దాటగానే ఊడ్చేస్తున్నారట, 2025లో ఆ రోజు జులై 24 అట, ఆ తర్వాత డిసెంబరు ఆఖరు దాకా మనం వాడేదంతా అప్పేనట. ఒకటో తారీఖున జీతం పడి, పదిహేడుకల్లా అయిపోయి, మిగతా నెలంతా కిరాణా కొట్లో ఖాతా మీద నడిచే సంసారం లాంటిదన్నమాట. నాకు వెంటనే అర్థమైంది. పెళ్ళైన కొత్తలో మా ఇల్లు అలాగే నడిచింది.

ఆ జులై 24 గురువారం పడింది, పైగా ఆషాఢ అమావాస్య. అమావాస్య పూట ఈ కొత్త కార్యక్రమాలేమిటని ప్రెసిడెంటు గారి భార్య అడ్డుపడ్డారు. దాంతో శ్రావణంలో మొదటి ఆదివారానికి మార్చారు. ఈ తేదీని కాస్తయినా వెనక్కి నెట్టాలని ప్రపంచంలో ఎంతమంది తంటాలు పడుతున్నారో! 2020లో కరోనా వచ్చి విమానాలూ ఫ్యాక్టరీలూ ఆగిపోతే తప్ప అది ఆగస్టు 22కి జరగలేదట. మా కమిటీ ఏ కరోనా లేకుండానే మూడు రోజులు వాయిదా వేసింది. పంచాంగమా మజాకానా.

సరే, కింద హాల్లో కుర్చీలు వేశారు, సమోసాలు వచ్చాయి, ప్రెసిడెంటు గారబ్బాయి ల్యాప్‌టాప్, తెర పెట్టాడు. ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడుగుతారు, జవాబులు నొక్కితే మనలాగే అందరూ బతకాలంటే ఎన్ని భూములు కావాలో అది చెబుతుంది. ముందుగా ఎవరొస్తారని అడిగారు. నన్నెవరూ బతిమాలలేదు. అదే నా బాధ. నా చెయ్యి దానంతటదే లేచింది.

ఎందుకు లేవదు? మా వంటింటి తలుపు వెనక కవర్ల కవరు ఉంది, దాని లోపల మడతపెట్టిన కవర్లు సైజుల వారీగా ఉంటాయి. పాల పాకెట్లు కడిగి, కిటికీ ఊచలకి ఆరేసి, కిలో అయ్యాక పాత సామాన్లవాడికి వేస్తాను. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు బకెట్లో పట్టి ఇల్లు తుడుస్తాను. మా ఆయన పాత బనీను మా ఇంట్లో ఆరు నెలలు బనీనుగా, రెండేళ్ళు మసిగుడ్డగా బతుకుతుంది. ఇలాంటి మనిషికి అర భూమి చాలదా? ఆ మాటే మైకులో అన్నాను కూడా. "నాకు అర భూమి చాలండీ" అని. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో గుయ్యిమంటున్నాయి.

అబ్బాయి మొదట చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. దీన్ని పాదముద్ర అంటారు ఆంటీ అన్నాడు. పాదముద్రలంటే నాకు తెలిసినవి కృష్ణాష్టమికి గుమ్మం నుంచి పూజ గది దాకా బియ్యప్పిండితో వేసేవే. అవి కావట. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ప్రొఫెసరూ, ఆయన దగ్గర పరిశోధన చేసిన మాథిస్ వాకర్నాగెల్ అనే ఆయనా కలిసి 1990ల మొదట్లో కనిపెట్టిన లెక్కట. మనం తినే తిండికి పొలం ఎంత, పశువుల మేతకి బీడెంత, చేపలకి నీరెంత, కలపకి అడవెంత, ఇళ్ళకీ రోడ్లకీ స్థలమెంత, మనం వదిలే పొగని పీల్చుకోడానికి ఇంకెంత అడవి కావాలి, ఇవన్నీ కలిపి హెక్టార్లలో చెబుతారట. బాగానే ఉంది. అప్పటికి నేను సమోసా సగంలో ఉన్నాను.

మాంసం ఎన్నిసార్లు అన్నాడు, కూరగాయలు ఎక్కడివి అన్నాడు, అన్నిటికీ నెగ్గుకొచ్చాను. ఇల్లు ఎంత పెద్దదన్నాడు, పదహారు వందల యాభై అడుగులన్నాను, ఎంతమంది అన్నాడు, ఇద్దరం అన్నాను. అక్కడ ఏదో ముల్లు కాస్త కదిలిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న.

"మీ ఇరుగుపొరుగుతో పోలిస్తే మీ ఇంట్లో చెత్త ఎంత వస్తుంది ఆంటీ?"

చాలా తక్కువ, తక్కువ, సమానం, ఎక్కువ, చాలా ఎక్కువ. ఐదు గళ్ళు.

ఈ ప్రశ్న రాసిన మహానుభావుడు ఇంటికీ ఇంటికీ మధ్య రెండు ఫర్లాంగుల దూరం ఉండే ఊళ్ళో కూర్చుని రాసి ఉంటాడు. మా తలుపుకీ ఎదురింటి తలుపుకీ మధ్య ఐదడుగులు. ఎదురింటి వదిన రెండో వరసలో, సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా కూర్చుని ఉంది. మైకు ఆన్‌లో ఉంది. ఇలాంటి ప్రశ్న గుళ్ళో దేవుడు అడిగినా నిజం చెప్పకూడదు. నేను చెప్పాను. "చాలా తక్కువ."

వదిన లేచి నిలబడింది. "అంటే మాది చాలా ఎక్కువనా?"

లెక్క ప్రకారం అంతే కదా అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఎవరో కనుక్కుంటాను, వదలను.

"మరి మీ గుమ్మం పక్కన నా భుజం దాకా పేర్చిన ఆ అట్టపెట్టెలు ఎవరివి?" అంది వదిన.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఎదురింట్లో ముగ్గురూ ఉద్యోగాలకి పోతారు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి వాళ్ళ పార్సిళ్ళన్నీ నాకే ఇస్తారు. డెలివరీ అబ్బాయిలకి నేను ఆ ఫ్లోరు మొత్తానికీ పోస్టాఫీసుని. సాయంత్రం వాళ్ళబ్బాయి వస్తాడు, మా గుమ్మం ముందే పెట్టె చించి, లోపల ఉన్న పెన్ను మూతంత వస్తువు తీసుకుని, పెట్టె అక్కడే వదిలేసి, "థాంక్యూ ఆంటీ" అని వెళ్ళిపోతాడు. చెప్పుల జత వచ్చే పెట్టెలో ఒక ఫోన్ ఛార్జరు, దాని చుట్టూ గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లు. ఆ దిండ్లు నేను దాస్తానా, అవి మళ్ళీ నా కవర్ల కవర్లోకి వెళ్తాయా, అది వేరే కథ. ఇదంతా మైకులో చెప్పాను. మొత్తం చెప్పాను. దిండ్ల సంగతి కూడా.

అబ్బాయి నాకు మద్దతుగా వచ్చాడు, పాపం. "ఈ లెక్కలో వస్తువు ఎక్కడ తయారైనా, ఎవరి గుమ్మం ముందు దిగినా, వాడుకున్నవాళ్ళ ఖాతాలోకే వెళ్తుంది ఆంటీ" అన్నాడు. నేను గెలిచాననుకుని కుర్చీలో వెనక్కి వాలాను. "పెట్టె మేము వాడలేదుగా? మార్చిలో అమెరికాకి ఆవకాయ సర్దుకోడానికి రెండు పెట్టెలు మీరే కదా తీసుకున్నారు?" అంది వదిన. తీసుకున్నాను. మంచి గట్టి పెట్టెలు.

అబ్బాయి తల గోక్కున్నాడు. అప్పుడు ప్రెసిడెంటు గారు లేచారు. ఆయన రిటైరయ్యే ముందు ఎన్నో శాఖాపరమైన విచారణలు నడిపిన మనిషి, ఆ చేతి దురద ఇంకా పోలేదు. సాక్షిని పిలిపిద్దాం అన్నారు. సాక్షి అంటే వాచ్‌మన్ భార్య, రోజూ ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకెళ్ళి కింద డ్రమ్ముల్లో వేసేది ఆమే. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఆ అట్టపెట్టెలన్నీ నేను పేర్చి ఉంచేది ఆమె కోసమే, అమ్ముకుంటుందని. పోయిన దసరాకి చీర కూడా పెట్టాను.

"చూడమ్మా, నాలుగో ఫ్లోర్లో ఎవరింటి చెత్త ఎక్కువ? భయపడకుండా చెప్పు" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆమె నా వంక చూసింది. వదిన వంక చూసింది. సీలింగు ఫ్యాను వంక చూసింది. "బరువు చూస్తే మాత్రం ఈ అమ్మదే ఎక్కువుంటది సార్" అంది. ఆ వేలు నా వైపే ఉంది.

బరువట! వదిన వాళ్ళింట్లో వంటే ఉండదు, వారానికి నాలుగు రోజులు బిర్యానీ డబ్బాలు, అవి గాలికి ఎగిరిపోతాయి. నేను వండుకుంటాను. అరటి దవ్వ, పనసకాయ చెక్కు, గోంగూర కాడలు, కొబ్బరి చిప్పలు, ఒకటీ ఒకటీ కలిపితే బకెట్ బరువు తూగదా? తడి చెత్త తడిగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, పాతిపెడితే ఎరువవుతుంది, డబ్బా నా మనవడి మనవడి దాకా అలాగే ఉంటుంది, ఇవి రెండూ ఒకే తక్కెట్లో ఎలా తూస్తారని అడిగాను. నేను అడగడం అయితే అడిగాను కానీ అప్పటికి మైకు ప్రెసిడెంటు గారి చేతిలో ఉంది. అబ్బాయి "ఎక్కువ" నొక్కేశాడు. టక్ మని శబ్దం వచ్చింది. ఆ శబ్దం నాకు ఎముకల్లో వినిపించింది.

తర్వాత కారు, బస్సు, ఏవేవో. ఆఖర్న విమానంలో ఏడాదికి ఎన్ని గంటలు అన్నాడు. పోయిన పరువు ఇక్కడైనా కాస్త వెనక్కి వస్తుందని గట్టిగా చెప్పాను. "నలభై! డల్లాస్ అండీ, అమ్మాయి పురుటికి. దోహాలో దిగి ఇంకోటి ఎక్కాలి." ఇంకో నాలుగు గంటలుంటే అవి కూడా చెప్పేదాన్ని.

తెర మీద ఒక భూమి వచ్చింది. పక్కన రెండోది వచ్చింది. ఆగుతుందనుకున్నాను. మూడోది కూడా వచ్చింది, అంచు దగ్గర ఎవరో కొంచెం కొరికినట్టు. 2.9.

కింద ఇంకో వాక్యం. అందరూ నాలా బతికితే భూమి ఏడాది కోటా మే 5తో సరి. మే 5న నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తు. డల్లాస్‌లో కాళ్ళ మీద మనవణ్ణి పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోస్తున్నాను. ఆ చెంబులో ఆఖరి చుక్కతో భూమి అయిపోయిందన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టక నేనే చదివాను. ఆ హెక్టార్లని మనకు తెలిసిన ఎకరాల్లోకి మారిస్తే నా వాటా దాదాపు పదకొండు ఎకరాలు తేలింది. పుట్టింటి పంపకాల్లో నాకు సెంటు భూమి రాలేదు, చట్టం సంగతి ఎత్తకండి, మా అన్నయ్యలు చట్టం కన్నా పెద్దవాళ్ళు. ఇప్పుడు ఎవడో కెనడా ఆయన నాకు పదకొండు ఎకరాలు రాసిచ్చాడు, అది కూడా అప్పు కింద. వామనుడికి మూడో అడుగు పెట్టడానికి బలి తలైనా దొరికింది. నా మూడో భూమి ఎవరి నెత్తిన పెట్టాలి?

ఇంకా చదివితే ఇంకా కాలింది. ప్రపంచం మొత్తం పాదముద్రలో దాదాపు అరవై శాతం పొగ లెక్కేనట. అంటే నా విమానం. మనిషికి న్యాయంగా వచ్చే వాటా ఒకటిన్నర హెక్టారు, నాలుగెకరాలకి కాస్త తక్కువ. మన దేశంలో సగటు మనిషి అంతకంటే తక్కువలోనే గడిపేస్తున్నాడు, అమెరికా వాళ్ళలా అందరూ బతికితే మాత్రం ఐదు భూములు కావాలి. మరి నేను కడిగిన పాల పాకెట్లు? ఆ గడే లేదు. ఆర్వో నీళ్ళు? నీళ్ళు నేరుగా ఆ లెక్కలోకే రావట! పైగా ప్రభుత్వం వేసే రోడ్లూ కట్టే ఆఫీసులూ కూడా తలా కాస్త మన ఖాతాలోనే పడతాయట. మా వీధి రోడ్డు ఈ ఏడాది మూడుసార్లు వేసి మూడుసార్లు తవ్వారు. అది కూడా నేనేనా తొక్కింది? అన్నట్టు, ఎవరి కార్బన్ పాదముద్ర వాళ్ళు లెక్క కట్టుకోండని 2000ల మధ్యలో ఊరూరా ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీయట. సారా కొట్టువాడు గ్లాసు చేతికిచ్చి, ఎన్నోది తాగుతున్నావని అడిగినట్టు.

ఇంతకీ ఆ రోజు బహుమతి ఎవరికి వచ్చిందో చెప్పలేదు కదా. 501 సారుకి. మూడు ఏసీలు, రెండు కార్లు, నెలకోసారి ముంబై. కారు మీద ఎంత తిరుగుతారంటే "సున్నా" అన్నారు, కారు కంపెనీదట. విమానం గంటలు కూడా సున్నా, టికెట్టు కంపెనీదట. చెత్త సమానం. 1.1 వచ్చింది. చప్పట్లు, శాలువా, ఒక నిమ్మ మొక్క. ఆయన బాల్కనీ అద్దాలతో మూసేసి ఉందని, "మీ చేతిలో మొక్కలు బాగా బతుకుతాయి కదమ్మా" అంటూ ఆ మొక్క తెచ్చి మా బాల్కనీలో పెట్టి వెళ్ళారు. రెండు రోజులుగా దానికి నీళ్ళు పోస్తున్నాను. ఆర్వో నీళ్ళే.

వాచ్‌మన్ భార్య ఈ పొద్దున మామూలుగానే వచ్చి అట్టపెట్టెలు పట్టుకెళ్ళింది. నేనేం అనలేదు. బకెట్ ఎత్తుతూ "ఇయ్యాల తేలిగ్గుందమ్మా" అంది. నిన్న వంట చేయలేదు మరి, మా ఆయన చేత బిర్యానీ తెప్పించాను.

ఉండండి, బెల్లు మోగుతోంది. ఎదురింటి పార్సిలే అయ్యుంటుంది. నేను ఇంట్లో లేను.