వాన చప్పట్లు

సైన్సు తరగతిలో పిల్లల ధ్యాస నిలవడం లేదన్న సంగతి పెద్దల దృష్టికి వచ్చింది. పెద్దల దృష్టికి వచ్చిన సంగతి ఏదైనా చివరికి శిక్షణ తరగతి అవుతుంది. మా సిక్కోలు మాస్టార్లకూ అయింది. భోజనాలు బాగున్నాయని వెళ్లినవారంతా చెప్పారు. అక్కడి నుంచి వారు పట్టుకొచ్చిన అస్త్రం పేరు వాన చప్పట్లు.

ఇంకా తడవని అదృష్టవంతుల కోసం వివరిస్తాను. ఎవరో ఒకరు జవాబు చెప్పగానే తరగతి మొత్తం ఒక వేలితో అరచేతిని తట్టాలి. అవి చినుకులు. తర్వాత రెండు వేళ్లు, మూడు, నాలుగు, అది జల్లు. ఆపైన రెండు అరచేతులూ కలిపి కుండపోత. మళ్లీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. వాన వెలిసింది. జవాబు తప్పయినా వాన ఆగదు, పసిమనసులు నొచ్చుకోకూడదు కదా. అరచేతిలో వైకుంఠం చూపించినవారి కథలు విన్నాం, అరచేతిలో వాన కురిపించిన ఘనత మాత్రం మనవాళ్లదే.

పాఠశాల కమిటీ సభ్యుణ్ణి గనుక, ఉద్దానంలో ఒక బడిలో మాదిరి పాఠం చూడటానికి నన్నూ పిలిచారు. ఆగస్టు నెల. పాఠం పేరు 'వర్షం ఎలా కురుస్తుంది?' గోడంత తెర మీద నీలి సముద్రం, అందులోంచి పైకి లేచే ఎర్ర బాణాలు, పళ్లు ఇకిలించే మేఘం. సరిగ్గా అప్పుడే మహేంద్రగిరి వైపు నల్లగా కమ్ముకొచ్చి అసలు వాన అందుకుంది. వరండా రేకులు దద్దరిల్లాయి. నలభై తలలు ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి.

"కిటికీలు మూసేయండర్రా! ధ్యాస పాఠం మీద ఉండాలి" అన్నారు మాస్టారు.

మూశారు. మూసిన రెండు నిమిషాలకు కరెంటు పోయింది. మేఘం పళ్లు మాయమయ్యాయి. వర్షం పాఠం వర్షం వల్ల ఆగిపోయి, చీకట్లో అందరం వర్షం తగ్గితే వర్షం గురించి తెలుసుకుందామని కూర్చున్నాం. రెండో బెంచీ కుర్రవాడొకడు కిటికీ రెక్క సందులోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిన అరచేతిని నాకి చూశాడు. ఆ గదిలో ఆ రోజు జరిగిన ఏకైక ప్రయోగం అది. వాణ్ణి నిలబెట్టారు. ఖాళీగా ఉండకూడదని తక్కినవారి చేత వాన చప్పట్లు కొట్టించారు. బయట వాన, లోపల వాన, మధ్యలో మూసిన కిటికీ. తనిఖీకి వచ్చిన అధికారి ఫోను వెలుగులో ఏదో రాసుకున్నారు. తొంగి చూశాను: 'విద్యార్థుల భాగస్వామ్యం ప్రశంసనీయం.'

వంటగది వెనక నిటారు గోడల నూనె డబ్బా ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని ఆరుబయట పెట్టి, వాన వెలిశాక నీటి లోతును స్కేలుతో కొలిస్తే అదే వర్షమాపకం. 30 మిల్లీమీటర్లు తేలిందనుకోండి, 100 చదరపు మీటర్ల బడి డాబా మీద 3,000 లీటర్లు పడ్డట్టు. లెక్కల మాస్టారికి కూడా పని దొరికేది. కానీ నూనె డబ్బాకు శిక్షణ కరదీపికలో పేజీ లేదు.

అరసవల్లి విహారయాత్రా అంతే. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు మార్చిలోనూ అక్టోబరులోనూ పడతాయని పిల్లలందరికీ తెలుసు. రెండుసార్లే ఎందుకు? ఉదయించే చోటు ఏడాది పొడవునా ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఆ గుమ్మానికి ఎదురుగా వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి రావాలి గనుక. ఇది అడిగిన మాస్టారు నాకింకా తగల్లేదు. పులిహోర పొట్లాలు లెక్కపెట్టడంలో తీరిక దొరకదు. ఇక మైక్రోస్కోపు అంటారా, బీరువాలో భద్రంగా ఉంది. దసరాకు బొట్టు పెడతారు.

కరెంటు వచ్చింది. "సందేహాలున్నాయా?" అన్నారు మాస్టారు, ఉండవన్న ధీమాతో. చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడని గదిలో అందరికీ తెలుసు.

"మాస్టారండీ, ఈ వాన నీళ్లే కదా భూమిలోకి ఇంకేది? మరి మన బోరు నీళ్లలో ఏం కలుస్తోంది? కిడ్నీలు ఎందుకు పోతున్నాయి?"

"అది సిలబస్‌లో లేదమ్మా. కూర్చో."

సిలబస్‌లో లేదా! ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డాయి. పలాసలో ఈ జబ్బు కోసమే పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కట్టారు. నీళ్లా, ఎండలో ఒళ్లు విరిచే కష్టమా, పురుగుమందులా, నొప్పి బిళ్లలా అని ఇన్నేళ్లుగా వెతుకుతున్నా ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. దేశదేశాల శాస్త్రవేత్తలు అడుగుతున్న ప్రశ్నను ఉద్దానం పిల్ల ఉద్దానంలో లేచి అడిగితే, కూర్చోమంటారా? "నాకు తెలియదమ్మా, ఎవరికీ పూర్తిగా తెలియదు, ఎలా వెతుకుతున్నారో చూద్దాం" అనడానికి ఏ శిక్షణ కావాలి? సిగ్గులేకపోతే సరి, ధ్యాస నిలవడం లేదట! ఆ పిల్లకు ధ్యాస నిలవకేం, రాత్రిళ్లు నిద్రే నిలవడం లేదు.

అధికారి ఉన్నారని గుర్తొచ్చి మాస్టారు సర్దుకున్నారు. "మంచి ప్రశ్న అడిగింది, అందరూ వాన చప్పట్లు!"

ఒక వేలు. రెండు. మూడు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. కిటికీ ఇంకా మూసే ఉంది.