సర్టిఫైడ్ స్టిక్కరు గారికి బెజవాడ నుంచి

మహారాజశ్రీ సర్టిఫైడ్ స్టిక్కరు గారి సముఖానికి, పాత బండి కొనేవాళ్ల వెంట వెళ్లి బానెట్లు ఎత్తించే ఆటోనగర్ వాళ్లం రాసుకునే లేఖ. ఉభయకుశలోపరి.

ఎనికేపాడు నుంచి బందరు రోడ్డు దాకా అమ్మకానికి పెట్టిన ఏ పాత కారు ముందద్దం చూసినా తమరే కొలువు తీరి ఉన్నారు. గుండ్రటి ఒళ్లు, మధ్యలో టిక్కు, దాని కింద ఒక అంకె. ఒకచోట 140 పాయింట్ల తనిఖీ, పక్క షోరూములో 160, ఎదురు షోరూములో 200. ఆ పాయింట్ల జాబితా ఒకసారి కాగితం మీద అడిగి తీసుకుని చదవాలి. కాళ్ల కింద మ్యాట్లు ఒక పాయింటు, లోపలి లైటు ఒక పాయింటు, సన్ వైజరుకున్న చిన్న అద్దం ఒక పాయింటు. క్లచ్చు కూడా ఒక పాయింటే. మ్యాటూ క్లచ్చూ ఒకే పంక్తిలో విస్తరేసుకుని కూర్చున్నాయన్నమాట. తమ సమదృష్టికి జోహార్లు.

ఇంతకీ తమకు ఆ సర్టిఫికెట్ ఇచ్చిందెవరు? అమ్మేవాళ్లే. పెళ్లికొడుకు గుణగణాలు పెళ్లికొడుకే రాసిచ్చినట్టు. ప్రభుత్వం వైపు నుంచి చూడాల్సిన కాగితం వేరే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారి రవాణా శాఖ దగ్గర ఫారం 29బి అధికార పత్రం తీసుకోవాలి, బండి అతని చేతికి వచ్చిన సంగతి ఫారం 29సి ద్వారా ఆ శాఖకు చేరాలి. 29బి చూపించమంటే షోరూములో కుర్రాడు తమ వైపు చూపిస్తాడు. మీదికి మెరుపు, లోపల నిశ్శబ్దం.

తమ అసలు ఉద్యోగం మాకు తెలుసు. తమరు అతుక్కున్నది అద్దానికి కాదు, బేరమాడే నోటికి. కూరగాయల దగ్గర రూపాయి వదలని మనిషి తమను చూడగానే మొహమాటపడతాడు. అదే మోడలు, అదే సంవత్సరం, అదే కిలోమీటర్ల బండి ఇంటి యజమాని దగ్గర ఇంకాస్త తక్కువకు వస్తుందని తెలిసినా, ‘సర్టిఫైడ్ కదా’ అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. ఆ ఎక్కువ డబ్బుకు వచ్చేది వారంటీ. అదీ చదవాలి. ఇంజను, గేరుబాక్సు లోపలి భాగాలకు ఆరు నెలలో ఏడాదో ఉంటుంది. క్లచ్చు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్షులు, బ్యాటరీ, ఏసీ గ్యాసు ‘అరుగుదల’ కింద పక్కకు పోతాయి. పాత కారులో చెడేవి సరిగ్గా అవే. ఫ్రీ సర్వీసు అంటే కూలి ఫ్రీ, ఆయిలు మనదే. కాబట్టి అక్కడ అడగాల్సింది ఒకటే మాట: ఏసీ కంప్రెసరు, స్టీరింగు ర్యాకు వారంటీలో రాయండి, లేదా స్టిక్కరు ఖరీదు తీసేయండి.

తమ కొలువులో ఇంకో ఆచారం ఉంది. కొనేవాడు వచ్చేలోపే బండి స్టార్ట్ చేసి ఉంచుతారు. ‘ఎండగా ఉందని ఏసీ వేసి చల్లగా ఉంచాం సార్’ అంటారు. చల్లబడింది సీట్లు, వేడెక్కింది ఇంజను. రాత్రంతా ఆగిన ఇంజను పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడే నిజం చెబుతుంది. వాల్వు సీళ్లు అరిగితే సైలెన్సరు నుంచి నీలం పొగ ఒక్క గుప్పెడు వస్తుంది. టైమింగ్ చైను సాగితే మొదటి రెండు మూడు సెకన్లు గలగల మంటుంది. డీజిల్ బండిలో చల్లటి ఇంజనును వెచ్చబెట్టే గ్లో ప్లగ్గు పోతే వెంటనే అందుకోదు. వేడెక్కాక ఇవన్నీ బుద్ధిమంతుల్లా సర్దుకుంటాయి. అందుకే చెప్పిన టైము కంటే గంట ముందు వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే ‘రేపొస్తాం’ అని టీ కూడా తాగకుండా వచ్చేయడమే.

స్టార్ట్ అయ్యాక ఆయిలు పోసే మూత తియ్యాలి. లోపలి నుంచి పొగ ఆగాగి తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఆ మూత అడుగున పాలమీగడలాంటి తెట్టు కనిపిస్తే ఇంజనును చల్లబరిచే కూలెంటు ఆయిల్లో కలుస్తోందేమో, ఆ రెండూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. చిన్న ప్రయాణాలు మాత్రమే చేసిన బండికి చెమ్మ వల్లా కొంచెం వస్తుంది. దాన్ని చూసి వెంటనే పారిపోనక్కర్లేదు, రేడియేటరు మూత కూడా చల్లగా ఉన్నప్పుడు తీసి అక్కడ జిడ్డు తేలుతోందా అని చూసి తేల్చుకోవచ్చు.

‘నాన్ యాక్సిడెంట్ సార్, చిన్న గీత కూడా పడలేదు’ అనే మాటకు మందు బానెట్ కిందే ఉంటుంది. ఫెండరును, అంటే ముందు చక్రం మీది రేకును, బాడీకి బిగించిన బోల్టుల తలలు దగ్గరగా, సెల్‌ఫోన్ లైటు వేసి చూడాలి. కంపెనీలో బిగించాకే రంగు పడుతుంది కాబట్టి బోల్టు తల, చుట్టూ ఉన్న రేకు ఒకే రంగులో, ఒకే పొరగా ఉంటాయి. ఎవరైనా స్పానరు పెడితే ఆరు మూలల్లో రంగు చిట్లి ఇనుము బయటపడుతుంది. వాషరు జరిగిన గుర్తుగా పక్కన సన్నని నెలవంక మిగులుతుంది. ఆ నెలవంకే మా స్టిక్కరు. అయితే ఫెండరు మార్చడం మహాపాపమేమీ కాదు, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఏదో ఒక ఆటో ముద్దు పెట్టకుండా వదలదు. భయపడాల్సింది టాపును మోసే పిల్లరుకో, బండి వెన్నెముక లాంటి ఛాసిస్‌కో తగిలిన దెబ్బకు. డోరు రబ్బరు బీడింగు లాగి చూస్తే కంపెనీ వెల్డింగు చుక్కలు బొట్టుబిళ్లల్లా సమాన దూరంలో ఉంటాయి. అవి వంకరటింకరగా ఉన్నా, లప్పంతో పూడ్చి ఉన్నా ఆ బండితో బేరం అనవసరం. రంగు మందం కొలిచే మీటరు ఉంటే ముందు టాపు మీద పెట్టాలి, అక్కడ మరమ్మతులు అరుదు కాబట్టి అదే కొలబద్ద. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు. డోరు మీద 500 దాటితే కింద లప్పం కూర్చున్నట్టే.

కిలోమీటర్ల మీటరు సంగతి తమకు చెప్పాలా? ఓడోమీటరు 28 వేలు చూపిస్తుంది, టైర్లు నాలుగూ కొత్తవి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3224 అంటే 2024లో 32వ వారం తయారైంది. టైరు మామూలుగా 40, 50 వేలు లాగుతుంది కదా, 28 వేలకే నాలుగూ ఎందుకు మారాయి? బ్రేకు పెడలు రబ్బరు ఒక వైపు అరిగిపోయి, స్టీరింగు తోలు నునుపెక్కి మెరుస్తుంటే, ఆ 28 ముందు ఒక అంకె ఎగిరిపోయిందని అర్థం. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటర్లో హిస్టరీ తీయిస్తే ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో వరసగా వస్తుంది. ‘షోరూమ్ ట్రాక్ ఉంది సార్’ అని నోటితో చెబితే సరిపోదు.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన పాయింటు ఒకటుంది, తమ 200లో అది కనబడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన బండ్లు మునిగినచోటే ఉండిపోవు కదా. కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి ఎక్కడో ఒకచోట అమ్మకానికి నిలబడతాయి. కారెక్కగానే మల్లెపూల వాసన గుప్పుమంటే ముందు సీటు బెల్టును పూర్తిగా, చివరి అంగుళం దాకా బయటికి లాగాలి. అందరూ పై భాగమే కడుగుతారు, చుట్టలో దాగిన చివర మీద ఒండ్రు గీత అలాగే ఉంటుంది, బండి మునిగిందని ఆ గీతే చెబుతుంది. తర్వాత సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంత అడుగు, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టెలో రాగి మీద పచ్చటి చిలుము. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టి ఉంటే సిలిండర్లోకి నీరెళ్లి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అది ఆర్నెల్లకో ఏడాదికో బయటపడుతుంది. అప్పటికి తమ వారంటీ గడువు తీరి ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఇన్సూరెన్సు క్లెయిము ఉందేమో అడగడం మర్చిపోకూడదు.

ఇప్పుడు బేరం. ‘ఫిక్స్‌డ్ రేటు సార్, సర్టిఫైడ్ బండి.’ మనం లేవబోతే ‘ఒక్క నిమిషం, మేనేజర్ గారిని అడిగొస్తా’ అని అద్దాల గదిలోకి వెళ్తారు. అక్కడ వాళ్లిద్దరూ క్రికెట్ స్కోరు మాట్లాడుకుని వస్తారు. ‘మీరు కాబట్టి ఐదు వేలు తగ్గించారు సార్.’ ఆ ఐదు వేలు తగ్గింపు కాదు, పళ్లెంలో పెట్టే వక్కపొడి. ‘ఇంకొంచెం చూడండి’ అని దేబిరిస్తే ఇంకో రెండు వేలు. అలా కాదు. కాగితం తీసి రాయాలి. చెప్పిన ధర 5,40,000 అనుకుందాం. టైర్లు నాలుగూ గుండ్లయ్యాయి, 22,000. బ్యాటరీ 5,000. క్లచ్చు బాగా పైకొస్తేగానీ అందుకోవట్లేదు, 10,000. ముందు డిస్కులు గాడి పడ్డాయి, ప్యాడ్లతో 6,000. రెండో తాళం లేదు, 7,000. మొత్తం 50,000. మోడల్ని బట్టి ఈ అంకెలు మారతాయి. అక్కడే నిలబడి ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపుకు ఫోను చేసి, స్పీకరు పెట్టి అడిగితే ఆ అంకెలు మనవి కావు, మార్కెట్టువి అవుతాయి. అప్పుడు 4,75,000 దగ్గర మొదలుపెడితే ట్రాన్స్‌ఫర్ ఖర్చులతో కలిపి 4,95,000 దగ్గర ఆగడానికి దారి ఉంటుంది. ‘కలిపి’ అన్న మాట రసీదు మీద రాయించాలి, లేదంటే ప్రాసెసింగ్ ఫీజు, హ్యాండ్లింగ్ ఛార్జీ అంటూ తమ చుట్టాలు ఒక్కొక్కరే దిగుతారు.

ఆ చుట్టాల్లో జీఎస్టీ ఒకటి. ‘18 శాతం ఎక్స్‌ట్రా సార్’ అంటే జడుసుకోకూడదు. వ్యాపారి అమ్మే పాత కారు మీద 18 శాతం పడేది అతని మార్జిన్ మీద, బండి ధర మొత్తం మీద కాదు. 4,60,000కు కొని 5,40,000కు అమ్మితే మార్జిన్ 80,000, దాని మీద 14,400. మొత్తం మీద లెక్కేస్తే 97,200. ఈ రెండింటి మధ్య తేడాలో ఇంకో స్కూటరు వస్తుంది. ఇంకో ఎత్తు, పాత ఇన్వాయిసు చూపించడం: ‘కొత్తది 7 లక్షలు పడింది సార్ అప్పట్లో.’ 2025 సెప్టెంబరు 22 నుంచి 1200 సీసీ లోపు, 4 మీటర్ల లోపు కొత్త పెట్రోలు కార్ల పన్ను 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29. పన్నుతో 7 లక్షలున్న ఎక్స్ షోరూమ్ ధర ఆ లెక్కన 6 లక్షల 40 వేలకు వస్తుంది. పోల్చుకోవాల్సింది ఈరోజు కొత్త ధరతో. మన పాత బండి ఇచ్చేటప్పుడు మాత్రం ఈ లెక్క వాళ్లే మనకు చెబుతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఆర్‌సీలో తయారైన నెల కూడా చూడాలి. డిసెంబరు 2021లో పుట్టి ఫిబ్రవరి 2022లో రిజిస్టరైన బండిని 2022 మోడలంటారు. ధర 2021ది ఇవ్వాలి.

లోను దగ్గరకొచ్చేసరికి తమ వాళ్ల గొంతు తేనె అవుతుంది. ‘ధర వదిలేయండి సార్, నెలకెంత కట్టగలరు?’ ఇక్కడ జవాబు చెప్పినవాడు మునిగాడు. ‘ఎనిమిది శాతమే సార్’ అంటే ఫ్లాటు వడ్డీ, అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా వేసేది. 4 లక్షలకు 5 ఏళ్లకు వడ్డీ 1,60,000, నెలకు 9,333. మన లెక్కలో నూటికి 67 పైసలు అనిపిస్తుంది. తీరుస్తూ పోతున్న అసలు మీద లెక్కేస్తే ఏడాదికి 14 శాతం పైనే, అంటే నూటికి నెలకు రూపాయి 17 పైసల పైమాటే. వాయిదా ఎక్కువైందంటే 7 ఏళ్లు చేస్తారు, 7,429కి దిగుతుంది. వాయిదాలో 1,904 తగ్గింది, మొత్తం వడ్డీలో 64,000 పెరిగింది. కాగితం మీద గీసి గీసి తగ్గించుకున్న 45,000 పోగా ఇంకో 19,000 తాంబూలం.

కాగితాలు: బండి మన పేరుకు మారడానికి ఫారం 29, 30. లోను ఉన్న బండైతే అది తీరిందని బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35. తెలంగాణ నంబరు బండి చవగ్గా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్సు కడితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకున్నాకే అడ్వాన్సు. ఆంధ్రా నంబరైనా 2019లో రాష్ట్రమంతటికీ ఒకే 39 కోడ్ వచ్చాక అది ఎక్కడ తిరిగిందో ప్లేటు చెప్పదు, 16 అయితే బెజవాడ, 7 అయితే గుంటూరు అనుకునే రోజులు పోయాయి. సర్వీసు హిస్టరీలో ఊరి పేరు చూడాలి. ‘తొమ్మిది నెలల ఇన్సూరెన్సు ఫ్రీ’ అంటారు. 14 రోజుల్లో పాలసీ మన పేరుకు మారకపోతే సొంత బండి డ్యామేజీకి క్లెయిము కష్టం. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది, మిగిలిన కాలానికి ఆ తేడా మనమే కట్టాలి. పెండింగు చలాన్లు తీర్చడం, పాత ఫాస్టాగ్ మూసేయడం, రెండూ డబ్బు చేతులు మారకముందే.

ముహూర్తం సంగతి కూడా మనవి చేయాలి. దసరా ముందు తమ దర్పం చూడలేం, దుర్గమ్మ దగ్గర పూజ చేయించాలని జనం ఎగబడతారు. ఆషాఢంలో, మహాలయ పక్షంలో షోరూములో ఈగలు తోలుకుంటుంటారు, అందులోనూ నెలాఖరు టార్గెట్ రోజులైతే మేనేజర్ గారే అద్దాల గదిలోంచి లేచొస్తారు. నంబరు అంకెలు కూడితే 8 వచ్చే బండి ఇంకా మంచిది. ఇంజను నిక్షేపంలా ఉన్నా ‘టోటల్ ఎనిమిదండీ’ అని పెదవి విరిస్తే అమ్మేవాడికి జవాబుండదు. నమ్మకం లేనివాళ్లు కూడా ఈ పెదవి విరుపు ముందే నేర్చుకుని వెళ్లడం మంచిది.

ఇట్లు,
తమ మెరుపు చూసి మొహమాటపడని,
ఆటోనగర్ వాళ్లం.

తా.క.: అద్దం మూల ఖాళీగా ఉన్నా తమను ఒక్కోసారి మధ్యకు జరిపి అంటిస్తున్నారు. అలాంటప్పుడు తమ మీద వేలితో మెల్లగా నొక్కుతూ తడిమి చూస్తాం. కింద రాయి దెబ్బ తగిలితే, ఆ 50,000 కింద కొత్త అద్దం ధర కూడా రాస్తాం.