స్టార్ ట్రెక్ మొదటి సినిమా ఫ్లాపూ కాదు, కథ లేనిదీ కాదు

వారం నుంచి మా నెల్లూరు సినిమా వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరగతా ఉంది. స్టార్ ట్రెక్ అంటే అంతరిక్ష ఓడలో తిరిగేవాళ్ళ కథ చెప్పిన అమెరికా టీవీ సిరీస్, దాన్నుంచి 1979లో వచ్చిన మొదటి సినిమా అట్టర్ ఫ్లాపంట, టీవీ ఎపిసోడ్‌ని సాగదీశారంట, కథే లేదంట, ఓడని చూపిస్తా కాలక్షేపం చేశారంట, మనోళ్ళకి దాంతో సంబంధమే లేదంట, అసలు టీవీలో ఆడినదాన్ని థియేటర్‌కి తేకూడదంట. మా బాబాయ్ కొడుకు కూడా అదే పంపించి చూడొద్దులే అన్నా అన్నాడు. నేను నాలుగు సార్లు చూసుండా తమ్ముడూ, కాబట్టి ఒక్కో ముక్కకీ చెప్తా, ఓపిగ్గా చదువు.

ఫ్లాప్ అన్నది తప్పు. ఖర్చు దాదాపు 4 కోట్ల 40 లక్షల డాలర్లు, ప్రపంచం మొత్తం మీద వసూలు 13 కోట్ల 90 లక్షల దాకా వచ్చింది, అంటే మూడింతలు. సినిమా తీసిన పారామౌంట్ కంపెనీ వాళ్ళు ఇంకా ఎక్కువ ఆశపడ్డారు, అందుకే 1982లో రెండోదానికి 1 కోటి 20 లక్షలతోనే సరిపెట్టారు, అది నిజం. ఆశపడ్డంత రాకపోవడం వేరు, మునిగిపోవడం వేరు, మునిగుంటే రెండోది తీసేవాళ్ళే కాదు గదా.

ఎపిసోడ్‌ని సాగదీశారు అన్నదాంట్లో సగం నిజముంది, దాచను. సిరీస్ 1966 నుంచి 69 దాకా 79 ఎపిసోడ్లు నడిచి ఆగిపోయింది, తర్వాత మళ్ళీ టీవీలోనే కొత్తది మొదలుపెడదామని మొదటి ఎపిసోడ్ కోసం అనుకున్న కథే ఈ సినిమా అయింది. 1967లో వచ్చిన ఒక పాత ఎపిసోడ్‌తో పోలిక కూడా ఉంది. ఇంత చెప్పి పక్కనే కథ లేదు అని రాశారు చూడు, అక్కడే నాకు మండింది. (సినిమా చూడనోళ్ళు ఈ పేరాలో మిగతాది వదిలేయండి.) భూమి మీదకి దూసుకొస్తున్న ఆ పెద్ద మేఘం లోపల ఉండేది మనుషులు ఎప్పుడో పంపిన వాయేజర్ 6 అనే అంతరిక్ష నౌక. పేరు మీద మట్టి పట్టి మధ్యలో అక్షరాలు కనపడక అది తన పేరు వీజర్ అనుకుంటది, అంతరిక్షంలో కనపడిందల్లా తెలుసుకుంటా వచ్చింది గానీ తనని చేసినోళ్ళెవరో ఎందుకు చేశారో మాత్రం తెలీదు, అది అడగడానికే ఇంటి దారి పట్టింది. నిజం వాయేజర్లు రెండే, రెండూ 1977లో బయల్దేరి ఈ సినిమా వచ్చేటప్పటికి గురుగ్రహాన్ని దాటిపోయుండాయి. తల్లిని వెతుక్కుంటా వచ్చే బిడ్డ కథ ఇది, దీన్ని కథ కాదంటే నేను ఒప్పుకోను.

ఇంక ఓడ సీను. సిరీస్‌లో ఆ అంతరిక్ష ఓడకి కెప్టెన్‌గా ఉన్న కర్క్ అప్పటికి ప్రమోషనొచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చున్న అడ్మిరల్, తన ఓడ తనకి కాకుండా పోయింది. కొత్తగా తయారైన దాని చుట్టూ చిన్న బండిలో తిరగతా దాదాపు ఐదు నిముషాలు ఊరికే చూస్తాడు, మాటలు దాదాపు ఉండవు, జెర్రీ గోల్డ్‌స్మిత్ మ్యూజిక్, ఆయన మొహం, ఓడ, అంతే. ఇది అర్థం కాలేదంటే వేరే ఊరోళ్ళని అనను గానీ నెల్లూరోళ్ళు అంటే మాత్రం బాధేస్తది. శ్రీహరికోట 2022 దాకా మన జిల్లానే కదా. రాకెట్ పోయే రోజు మిద్దెక్కి దక్షిణం వైపు చూస్తా ఉంటాం, నిప్పుచుక్క లేస్తది, అది మబ్బుల్లో కలిసిపోయిందాకా పిల్లోళ్ళు కూడా మాట్లాడరు, దీంట్లో కథేముందని ఎవురూ అడగరు. సినిమా వచ్చిన ఆ 1979లోనే ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ అక్కడి నుంచి లేచి సముద్రంలో పడిపోయింది, మళ్ళీ 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని పైన నిలబెట్టింది. సూళ్ళూరుపేటలో ఉండే మా తాత ఆ రెండు రోజుల గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్ళు ఎట్టా ఉండేవో, ఓడని చూసేటప్పుడు కర్క్ కళ్ళు అచ్చం అట్టా ఉంటాయి.

బోరు కొట్టింది అనేవాళ్ళతో నాకు గొడవ లేదు, మేఘం లోపల ప్రయాణం నాకూ లాగినట్టే ఉంటది, పైగా కర్క్‌కీ, ఓడలో ఆయనతో ఉండే స్పాక్, డాక్టర్ మెకాయ్‌కీ మధ్య ఆ పాత ఎగతాళి, ఆ చనువు తగ్గిపోయింది, అది పెద్ద లోటే. కానీ దానికి కారణం ఉంది. డిసెంబర్ 7 రిలీజ్ అని థియేటర్లకి ముందే మాటిచ్చేశారు, ఎఫెక్ట్స్ చేసే కంపెనీని మధ్యలో మార్చి డగ్లస్ ట్రంబుల్‌ని, జాన్ డైక్‌స్ట్రాని తెచ్చుకోవాల్సొచ్చింది, ఆఖరి నిముషం దాకా పని జరగతానే ఉంది, డైరెక్టర్ రాబర్ట్ వైజ్‌కి సరిగ్గా ఎడిటింగ్ చేసుకునే టైమే దొరకలా. 2001లో ఆయన మళ్ళీ కూర్చుని సరిచేసిన డైరెక్టర్స్ ఎడిషన్ ఉంది, చూసేవాళ్ళు అది చూడండి.

మనోళ్ళకి సంబంధం లేదన్నోళ్ళకి ఒక్క పేరు చాలు, పర్సిస్ ఖంబట్టా. బొంబాయి పార్శీ అమ్మాయి, 1965 మిస్ ఇండియా, ఇలియా పాత్ర కోసం నున్నగా గుండు చేయించుకుంది.

టీవీది థియేటర్‌కి తేకూడదు అన్నది ఆఖరి ముక్క. వెడల్పు తెర కోసం తీసిన సినిమాని ఫోన్‌లో చూసి తీర్పు చెప్పకండి, తెర పెద్దదని సూళ్ళూరుపేట దాకా పోయి సినిమా చూసొచ్చే జిల్లా మనది. పైగా టీవీ నుంచి తెచ్చుకున్నది టీవీకి తిరిగి కూడా ఇచ్చింది ఈ సినిమా, 1987లో కొత్త స్టార్ ట్రెక్ సిరీస్ మొదలైనప్పుడు టైటిల్స్‌కి పెట్టుకున్న మ్యూజిక్ దీనికోసం గోల్డ్‌స్మిత్ కట్టిందే.