ఎలాస్టిక్ నిక్కరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలం ఎలాస్టిక్ నిక్కరు గారికి,

మూడేళ్ల పిల్లాడి తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలనే ఉంది. కుశలం మీకే, పొద్దున్నే బీపీ నాకు.

మీరు మావాడితో కుమ్మక్కయ్యారని నా ఆరోపణ. ‘నిక్కరు వేసుకో’ అని నేనొక చట్టం చేస్తాను. వాడు మిమ్మల్ని నెత్తికి తగిలించుకుని, కాళ్లు దూర్చాల్సిన చోట్ల నుంచి జుట్టు బయటికి లాగి, ‘వేసుకున్నా’ అంటాడు. తూచా తప్పకుండా పాటించాడు మరి! ‘కాళ్లకి వేసుకోవాలిరా’ అని సవరణ తెస్తాను. రెండు కాళ్లూ ఒకే దాంట్లో దూర్చి, కప్పలా గెంతుతూ వస్తాడు. ‘ఒక్కో కాలు ఒక్కో దాంట్లో’ అని ఇంకో సవరణ. ఈసారి అంతా సవ్యంగానే ఉంటుంది, మీ వెనకజేబు మాత్రం బొడ్డు మీదికి వచ్చి ఉంటుంది. ‘జేబు వెనక్కి ఉండాలి నాన్నా’ అంటే మిమ్మల్ని తిప్పుకోడు. తనే అటు తిరిగి నిలబడతాడు. ఇప్పుడు జేబు ఎటుందో మీరే చెప్పండి. పేరున్న లాయర్లకి కూడా ఇన్ని లొసుగులు దొరకవు.

పెద్దవాళ్లు, మీరైనా అడ్డు చెప్పొచ్చు కదా? తలకైనా సాగుతారు, మోచేతికైనా సాగుతారు. చొక్కా నయం, గుండీలు ఆ చిట్టి వేళ్లకి అంత తేలిగ్గా లొంగవు. మీకు గుండీ లేదు, జిప్పు లేదు, పౌరుషం అసలే లేదు.

పిల్లలకి విప్పడం ముందు వస్తుంది, వేసుకోవడం తర్వాత. ఏడాది దాటీ దాటగానే సాక్సులు పీకి పారేస్తారు. మిమ్మల్ని సొంతంగా పైకి లాక్కునేసరికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. ఈలోపు ఇల్లంతా దిసమొల పరుగులే, వెనకాల మేం. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లోనే చెప్పాడు, ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా ‘నా పని నేనే చేసుకుంటా’ అనే స్వతంత్ర దశ అని. మూడు నిండాయి కదా, ఇక తెరిపిన పడతామనుకున్నాం. మావాడు ఎరిక్సన్‌ని చదవలేదు.

పిల్లల్నే ఎంచుకోనిస్తే పేచీ తగ్గుతుందంటారు తెలిసినవాళ్లు. సరేనని ఇవాళ మిమ్మల్నీ, మీ తమ్ముడు ఎర్ర నిక్కరునీ పక్కపక్కన పెట్టి, ‘నీలమా, ఎరుపా?’ అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించాడు.

‘నాకు నీలం. నువ్వు ఎర్రది వేసుకో.’

నేను వేసుకుంటేనే తనూ వేసుకుంటాడట. ఒప్పుకున్నాను. మాట ప్రకారం వాడు మిమ్మల్ని తిన్నగా, జేబు వెనక్కి పెట్టుకుని మరీ వేసుకున్నాడు. మీ తమ్ముడు మాత్రం నా మోకాళ్ల దగ్గర పట్టేసి పైకీ రాడు, కిందికీ దిగడు. ఆఫీసుకి టైమవుతోంది. కాస్త మీరైనా చెప్పి వదిలించండి.

ఇట్లు,
అడుగు తీసి అడుగు వేయలేని
ఒక తండ్రి