పాచి కాదండీ, అది మొక్క

మొన్న పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "చెట్టు కిందా, పంపు పక్కనా అంతా పాచి పట్టేసిందండీ, మా దగ్గర బ్లీచింగ్ పౌడర్ మిగిలింది, ఇమ్మంటారా?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, పాపం. ఆ "పాచి" కోసం మూడేళ్లుగా మోకాళ్ల మీద పాకుతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

అసలు గొడవంతా మన మాటల్లోనే ఉంది. పాచి మొహం, పాచి పళ్లు, పాచి పని. ఆ మాట చెవిన పడితే చాలు, చెయ్యి చీపురు వైపు పోతుంది. పోనీ నాచు అందామా అంటే చెరువులో తేలేదీ నాచే, బాత్రూం గచ్చు మీద మనల్ని జార్చి పడేసేదీ నాచే, రాయి మీద ముఖమల్ పరిచినట్టుండేదీ నాచే. మొదటి రెండూ చాలావరకు ఆల్గే. నేను చెప్పేది మూడోదాని గురించి, మాస్ గురించి. దానికి బుల్లి కాడ ఉంటుంది, ఆకులుంటాయి, సన్నటి తీగ చివర సిద్ధబీజాల గుళిక ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఫ్యునేరియా అనే నాచు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్లం ఎంతమంది లేము! అదే ఫ్యునేరియా ఇంటి వెనక కనపడితే మాత్రం గీకిపారేస్తాం.

మెట్ల మీద, నడిచే గచ్చు మీద పడితే గీకండి, నేనూ గీకుతా. నడుం విరగ్గొట్టుకోమని ఎవరూ చెప్పరు. నా బాధ చెట్టు కింద నేల గురించి.

ఆ నీడలో నేను గడ్డి మూడుసార్లు వేశాను, మూడుసార్లూ పోయింది. "నాచు గడ్డిని తినేసింది" అన్నారు చూసినవాళ్లంతా. తినలేదండీ. వెలుతురు చాలక, తడి ఆరక, మట్టి గట్టిపడి గడ్డి తనంతట తానే పోయింది. ఖాళీ అయిన చోటికి నాచు వచ్చి కూర్చుంది. శవం పక్కన కనపడ్డవాడినే హంతకుడన్నట్టుంది మన తీర్పు.

దీనికి వేళ్లు లేవు. రైజాయిడ్లని నూలుపోగుల్లాంటివి ఉంటాయి, అవి నేలని పట్టుకోవడానికే. చాలా రకాల్లో ఆకు మందం ఒకే ఒక్క కణం. అందుకే నీళ్లయినా, లవణాలైనా దాదాపు అన్నీ ఒంటితోనే పీల్చుకుంటుంది. మనకొచ్చిన తోటపనంతా వేళ్ల కోసం నేర్చుకున్నది కదా: తవ్వు, గుల్ల చెయ్యి, ఎరువు వెయ్యి. ఇక్కడ అన్నీ తిరగబడతాయి. మట్టిని తొక్కి గట్టి చెయ్యాలి. పైన ఉన్న గడ్డీ గాదం తీసేసి బోడిగా ఉంచాలి. ఎరువు వేస్తే నాచుకి ఒరిగేదేమీ లేదు, కలుపు బలుస్తుంది. మొదటి ఏడాది నేను శ్రద్ధగా తవ్వి, పశువుల ఎరువు కలిపి, దాని మీద నాచు ముక్కలు పెట్టాను. ఆ సీజన్లో నాకు పండింది తుంగ.

తర్వాత ఇంకా పెద్ద తప్పు చేశాను. నాచు చాప ఆర్డర్ పెట్టాను. పచ్చగా, ఒత్తుగా, చుట్టచుట్టి వచ్చింది. రెండు నెలల్లో గోధుమరంగుకి తిరిగింది, పీకి అవతల పారేశాను. అప్పుడుగానీ అది ఎక్కడిదన్న ఆలోచన రాలేదు. మెత్తటి పచ్చ చాప ఎవరి పెరట్లోనో మూడు నెలల్లో తయారయ్యేది కాదు. ఏ అడవిలోనో పడిపోయిన మాను మీద ఏళ్ల తరబడి పరుచుకున్నదాన్ని చర్మం వలిచినట్టు వలిచి అమ్ముతారు. దాని మడతల్లో టార్డిగ్రేడ్లనే అతి చిన్న జీవులు, బుల్లి నల్లులు (మైట్లు), తోకతో గెంతే పురుగులు కాపురాలుంటాయి. ఆ ఊరంతా కొరియర్ డబ్బాలో ఎక్కి మా ఇంటికొచ్చి చచ్చిందన్నమాట. నర్సరీలో పెంచి అమ్మేవాళ్లు కొద్దిమంది లేకపోలేదు, కానీ నేను అడగనే లేదు. తప్పు నాదే.

ఇందులో ఇంకో విషాదం ఉంది. చాలా నాచులు ఎండితే చావవు. ఆకులు ముడుచుకుని, రంగు మారి, ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతాయి. నీళ్లు తగిలితే నిమిషాల్లో మళ్లీ విచ్చుకునేవి ఉన్నాయి. అంటే నేను పారేసిన చాప చచ్చిందో, పడుకుందో నాకు ఇప్పటికీ తెలీదు.

దేశవాళీ నాచు ఎక్కడ దొరుకుతుందని మెసేజీలు పెట్టేవాళ్లకి ఒకటే జవాబు. మీ ఇంట్లోనే ఉంది. గోడ మూల, తొట్టి అంచు, పెంకు మీద, నీళ్ల పంపు పక్కన. మీ ఎండకీ, మీ నీళ్లకీ, మీ మట్టికీ తట్టుకుని బతికినది అదొక్కటే. ప్రపంచంలో 12,000 రకాల దాకా నాచులుంటే అందులో మీ నేలకి సరిపడేదేదో తేల్చడం నా వల్ల కాదు, ఆ గోడ ఎప్పుడో తేల్చేసింది. మట్టి మీద పెరిగినదాన్ని మట్టికే మార్చండి, రాతి మీదిది రాతికి. అందరికీ ఆమ్ల నేలే కావాలంటూ గంధకం చల్లించే సలహాలు కూడా చూశాను. చాలావాటికి అది నచ్చే మాట నిజమే, కానీ సున్నపు గోడల మీద హాయిగా బతికే టోర్టులా మ్యూరాలిస్ లాంటివి కూడా ఉన్నాయి కదా!

ఒక్క తేడా మాత్రం గమనించండి. నేలమీద పాకుతూ చాపలా అల్లుకునే రకాలు, హిప్నం, తుయిడియం లాంటివి, త్వరగా పరుచుకుంటాయి, తరచూ తడిపినా ఓర్చుకుంటాయి. నిటారుగా కుదురులు కట్టేవి, పాలిట్రైకం, ల్యూకోబ్రయం లాంటివి, నిదానం. రోజూ నానబెడితే వాటికి పడదు, మధ్యలో ఆరనివ్వాలి. చిన్న ముక్క పెట్టి, అరికాలితో గట్టిగా అదిమి, మొదటి కొన్ని వారాలు పైపైన నీళ్లు చిలకరించడమే పని. వాన నీళ్లయితే మంచిది, ఉప్పునీళ్లయితే ఆకు మీద తెల్లటి పొర కడుతుంది.

ఇక మజ్జిగ. నాచుని మజ్జిగలో వేసి మిక్సీ పట్టి పూయమంటూ తిరిగే వీడియోలకి దండం. నేనూ పట్టాను. బూజు వచ్చింది, చీమలొచ్చాయి, కంపు కొట్టింది. నాచు ముక్క ఏదైనా తడి ఉంటే తనే చిగురిస్తుంది, దానికి మజ్జిగెందుకు?

జపాన్‌లో, క్యోటోలోని సైహో-జీ ఆలయం ఫొటోలు మీరూ చూసే ఉంటారు, 120 రకాల దాకా నాచులున్న తోట. 1339లో ముసో సొసెకి అనే జెన్ గురువు ఆ తోటని తీర్చిదిద్దినప్పుడు నాచు కోసం చెయ్యలేదు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత, చూసే దిక్కు లేక తోట పాడుపడినప్పుడు నాచు తనే వచ్చి కమ్మేసింది. 1994లో క్యోటోలోని మరికొన్ని ప్రాచీన స్థలాలతో పాటు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందీ ఆ ఆలయమే. మనమైతే బ్లీచింగ్ చల్లి ఉండేవాళ్లం.

అలాగని పని ఉండదని చెప్పేవాళ్లని నమ్మకండి. రాలిన ఆకులు చాలా రోజులు అలాగే ఉంటే కింద నాచు ఊపిరాడక కుళ్లుతుంది, మెత్తటి చీపురుతో ఊడవాల్సిందే. కలుపు మొక్క చిన్నగా ఉన్నప్పుడే, ఒక చేత్తో నాచుని అదిమిపట్టి రెండో చేత్తో లాగాలి, లేకపోతే నాచు కూడా లేచొస్తుంది. పిట్టలు పురుగుల కోసం తిరగేసి పోతాయి. రోజూ తిరిగే దారిలో అస్సలు నిలవదు, అక్కడ బండలు వేసుకోండి.

మూడేళ్లకి నా చెట్టు కింద మంచమంత మేర పచ్చబడింది. నేను ఎక్కువ కష్టపడ్డ మూల మాత్రం ఇంకా బోడిగానే ఉంది. పంపు పక్కన గచ్చు పగులులో, నేనెప్పుడూ తిరిగి చూడని చోట, వెండి మెరుపుతో బ్రయమ్ అర్జెంటియం అనే నాచు అరచేయంత పెరిగింది. పక్కింటాయన వేలు చూపించింది దానివైపే.