రైడ్లను కావాలనే నెమ్మదిగా నడుపుతారా? డిస్నీ వరల్డ్ మీద తిరిగే ఆరోపణలకు జవాబు

అమెరికాలోని ఓర్లాండోలో ఉన్న డిస్నీ వరల్డ్ వినోద పార్కుల మీద అభిమానుల మధ్య ఒక ఆరోపణ రకరకాల రూపాల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "1971లో మూడున్నర డాలర్లకు రోజంతా ఆడుకున్నారు, ఇప్పుడు రెండొందలు గుంజుతున్నారు. పదేళ్లుగా కొత్త రైడ్ ఒక్కటీ లేదు. లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టినవాళ్లు త్వరగా ఎక్కే వేరే క్యూ) అమ్ముకోవడానికి రైడ్లను కావాలనే నెమ్మదిగా నడుపుతారు. బయటి తిండి రానివ్వరు, మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి, డైనింగ్ ప్లాన్ (భోజనాలకు ముందే డబ్బు కట్టే ప్యాకేజీ) తీసుకుంటేనే గిట్టుబాటు. పరేడ్లు, షోలు ఎత్తేశారు. అందుకే పోటీ సంస్థ యూనివర్సల్ పార్కు ఎపిక్ యూనివర్స్ తెరిచాక డిస్నీ ఖాళీ."

ఈ కోపంలో సగం న్యాయమే. చూపించిన కారణాలే చాలావరకు తప్పు. ఈ కారణాలు నమ్మి బయల్దేరినవాళ్లు అక్కడ నిలబడకూడని క్యూలో నిలబడతారు, కొనక్కర్లేనిది కొంటారు.

"1971లో మూడున్నర డాలర్లే" అన్న మాటతో మొదలుపెడదాం. ఆ 3.50 డాలర్లు గేటు దాటడానికి మాత్రమే. లోపల రైడ్ ఎక్కాలంటే 'ఎ' నుంచి 'ఇ' వరకు తరగతులున్న కూపన్లు చింపి ఇవ్వాలి. పెద్ద రైడ్లన్నిటికీ 'ఇ' కూపనే. ఒకే టికెట్‌తో అన్నీ ఎక్కే పద్ధతి వచ్చి కూపన్లు పోయింది 1982లో. కాబట్టి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడం కుదరదు. అలాగని డిస్నీని వెనకేసుకు రావడానికీ ఏమీ లేదు. అప్పటి 3.50 డాలర్లు ద్రవ్యోల్బణం కలిపితే ఇప్పటి లెక్కలో సుమారు 28. కూపన్ల కోసం ఇంకో 28 వేసుకున్నా, ఇవాళ ఒకరోజు టికెట్ మొదలయ్యే 119 డాలర్లలో సగం కూడా కాదు. ధర నిజంగానే పెరిగింది, బాగా పెరిగింది. అయితే ఆ రెండొందలు అన్ని రోజుల ధర కాదు. 2018 అక్టోబర్ నుంచి టికెట్ ధర తేదీని బట్టి మారుతోంది. రెండొందల మాట క్రిస్మస్ రోజుల్లో, అక్కడి నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌ది. నాలుగైదు రోజుల టికెట్ తీసుకుంటే రోజుకు పడే ధర ఇంకా తగ్గుతుంది.

"పదేళ్లుగా కొత్త రైడ్ లేదు" అనేది శుద్ధ అబద్ధం. 2017 మేలో యానిమల్ కింగ్‌డమ్‌లో పండోరా ప్రాంతపు రైడ్లు, 2018 జూన్‌లో హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డాష్, 2019 డిసెంబర్‌లో రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, 2020 మార్చిలో మిక్కీ అండ్ మిన్నీస్ రన్‌అవే రైల్వే, 2021 అక్టోబర్‌లో ఎప్‌కాట్‌లో రెమీ రైడ్, 2022 మేలో కాస్మిక్ రివైండ్, 2023 ఏప్రిల్‌లో ట్రాన్, 2024 జూన్‌లో టియానాస్ బయూ అడ్వెంచర్. ఇన్ని కళ్లముందు ఉండగా ఆ మాట ఎలా నిలబడుతుంది?

కానీ ఇదే జాబితాను తీసివేతలతో కలిపి చదివితే అభిమానుల అసలు అసంతృప్తి ఎక్కడుందో తెలుస్తుంది. రన్‌అవే రైల్వే వచ్చింది గ్రేట్ మూవీ రైడ్ జాగాలోకి. కాస్మిక్ రివైండ్ ఎలెన్స్ ఎనర్జీ అడ్వెంచర్ స్థానంలోకి. ఆ పాత రెండూ ఒకేరోజు, 2017 ఆగస్టు 13న మూతపడ్డాయి. అంటే కాస్మిక్ రివైండ్ తెరిచేదాకా దాదాపు ఐదేళ్లు ఆ చోట ఎక్కడానికేమీ లేదు. టియానా అంటే స్ప్లాష్ మౌంటెన్‌కి కొత్త కథ తొడగడమే. అదే నీటి కాలువ, అదే జారుడు. గంటకు ఎక్కే జనం దాదాపు అంతే. నికరంగా కలిసినవి స్లింకీ, రైజ్, రెమీ, ట్రాన్ లాంటివి. పైగా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రివర్‌బోట్, టామ్ సాయర్ ఐలండ్ 2025 జూలై 6తో ఆగిపోయాయి, అక్కడ 'కార్స్' సినిమా ప్రాంతం రావాలి. హాలీవుడ్ స్టూడియోస్‌లో మప్పెట్ విజన్ థియేటర్ 2025 జూన్ 7తో సరి, అక్కడ మాన్‌స్టర్స్ ప్రాంతం రావాలి. కట్టడం పూర్తయ్యేదాకా అక్కడ పట్టిన జనమంతా మిగతా క్యూల్లో పడతారు. "కొత్తది లేదు" అని కాకుండా "కొత్తది తెరవకముందే పాతది మూస్తున్నారు" అని రాసి ఉంటే ఖండించడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక అసలైనది: "కావాలనే నెమ్మదిగా నడుపుతారు." ఎక్కువమంది నమ్మేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

ఒక రైడ్ గంటకు ఎంతమందిని ఎక్కించగలదో లెక్కగట్టడం తేలిక. 3,600 సెకన్లను రెండు రైళ్ల మధ్య వ్యవధితో భాగించి, వచ్చినదాన్ని రైలులోని సీట్లతో గుణించాలి. 20 సీట్ల రైలు నిమిషానికొకటి కదిలితే గంటకు 1,200 మంది. అదే రైలు 75 సెకన్లకొకటి కదిలితే 960. బేసి సంఖ్యలో వచ్చిన కుటుంబాల వల్ల రైలుకు రెండు సీట్లు ఖాళీ పోతే 864కి దిగుతుంది. అంటే పదిహేను సెకన్లు, రెండు సీట్లు కలిసి గంటకు 336 మందిని మింగేశాయి. ఎవరి కుట్రా అక్కర్లేదు. బ్యాగు ఎక్కడ పెట్టాలో వెతుక్కునేవాళ్లు, ల్యాప్ బార్ (ఒళ్లోకి దిగే అడ్డు కమ్మీ) పడ్డాక మళ్లీ లేచేవాళ్లు, ఫోన్ జేబులో దూర్చుకునేవాళ్లు చాలు. ఎవరెస్ట్, టెస్ట్ ట్రాక్, రెమీ లాంటి రైడ్ల దగ్గర ఒంటరిగా ఎక్కేవాళ్లకు సింగిల్ రైడర్ క్యూ పెట్టింది ఆ రెండు ఖాళీ సీట్ల కోసమే. కలిసి కూర్చోవాలన్న పట్టు లేకపోతే అదే దగ్గర దారి.

మరి మధ్యలో ఆగిపోవడం? కోస్టర్ పట్టాలను బ్లాకులుగా విభజిస్తారు. ఒక బ్లాకులో ఒక్క రైలే ఉండాలి. స్టేషన్‌లో రైలు కదలడం ఆలస్యమైతే వెనక వచ్చేది బ్రేకుల మీద ఆగి ఎదురుచూస్తుంది, దాని వెనకది ఇంకా వెనక ఆగుతుంది. ఇది భద్రత ఏర్పాటు, బద్ధకం కాదు. హాంటెడ్ మాన్షన్‌లో డూమ్ బగ్గీలు (జనం కూర్చునే బండ్లు) గొలుసులా ఆగకుండా తిరుగుతాయి. నడవలేనివాళ్లు ఎక్కడానికి దాన్ని నెమ్మదింపజేసినా, ఆపినా లోపలున్న బగ్గీలన్నీ ఒకేసారి ఆగుతాయి. రైజ్ లాంటి రైడ్‌లో వరుసగా నాలుగైదు రకాల యంత్రాలు ఒకదానికొకటి అందించుకోవాలి. వాటిలో ఏది మొరాయించినా మొత్తం వరుస నిలిచిపోతుంది. ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నం చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే స్లింకీ డాగ్ లాంటి ఆరుబయటి రైడ్లు ఎలాగూ ఆపాలి. మరోపక్క రైడ్ ఆపకుండా బొమ్మను మాత్రం వదిలేసిన ఉదాహరణ కూడా ఉంది. 2006లో తెరిచిన ఎవరెస్ట్‌లో యతి (మంచుమనిషి) బొమ్మ కదలడం కొంతకాలానికే ఆపేసింది. ఏళ్ల తరబడి మిణుకుమిణుకు లైట్లతో నెట్టుకొస్తున్నారు. అభిమానులు దాన్ని 'డిస్కో యతి' అని వెక్కిరించడంలో తప్పేం లేదు.

అయితే క్యూ నెమ్మదిగా కదులుతున్నట్టు అనిపించడం భ్రమా? కాదు. రైడ్ వేగం వేరు, మామూలు క్యూ వేగం వేరు. గంటకు 1,200 మంది ఎక్కే రైడ్‌లో నాలుగింట మూడు వంతులు లైట్నింగ్ లేన్‌కి పోయాయనుకోండి. మామూలు క్యూకి మిగిలేది 300. ముందు 300 మంది ఉంటే గంట పడుతుంది. అసలు లైట్నింగ్ లేన్ లేకపోతే అదే 300 మంది పావుగంటలో కదిలిపోతారు (ఆ లేన్‌లోవాళ్లు కూడా ఇదే క్యూలో నిలబడేవారన్నది మర్చిపోకూడదు). రైడ్ కాసేపు ఆగి మళ్లీ తెరిచినప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. ఆ మధ్యలో తమకిచ్చిన టైం పోయిన లైట్నింగ్ లేన్‌వాళ్లంతా ఒక్కసారిగా వస్తారు, మామూలు క్యూ కదలదు. అప్పుడు బోర్డు మీద నిమిషాలు చూసి లోపలికి దూరేముందు పక్కనున్న లైట్నింగ్ లేన్ ఎంత పొడుగుందో చూడండి. ఇదంతా డబ్బుతో మొదలైందీ కాదు. 1999లో వచ్చిన ఉచిత ఫాస్ట్‌పాస్ కూడా రెండు క్యూలనూ కలిపే ఇదే పద్ధతితో నడిచింది. 2021 అక్టోబర్‌లో అదే చోటుకు ధర కట్టారు. ఆ ధర మీద కోపగించుకోండి, రైడ్ నడిపేవాళ్ల మీద కాదు.

తిండి సంగతికొస్తే, "బయటి తిండి రానివ్వరు" అన్నది పూర్తిగా తప్పు. డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి సొంత తిండి, మద్యం కాని పానీయాలు తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు, విడి ఐసు, డ్రై ఐసు కూడదు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. ఐసు బదులు మళ్లీ గడ్డకట్టించుకునే జెల్ ప్యాకులు వాడితే సరి. ఇక నీళ్లంటారా, సోడా ఫౌంటెన్ ఉన్న కౌంటర్ దగ్గర అడిగితే ఐసు నీళ్ల కప్పు ఉచితం. ఏమీ కొనక్కర్లేదు. కౌంటర్ హోటళ్లలో పెద్దవాళ్లు పిల్లల మీల్ తెప్పించుకున్నా ఎవరూ వద్దనరు. మొబైల్ ఆర్డర్‌లో మధ్యాహ్నం వేళ స్లాట్లు ముందే నిండిపోతాయి కాబట్టి పదిన్నరకే సమయం ఎంచుకుని పెట్టుకోండి, తర్వాత మార్చుకోవచ్చు.

డైనింగ్ ప్లాన్ "తీసుకుంటేనే గిట్టుబాటు" అనేవాళ్లు ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి. 2024లో క్విక్ సర్వీస్ ప్లాన్ పెద్దలకు రాత్రికి 57.01 డాలర్లు. ఇచ్చేది రెండు కౌంటర్ భోజనాలు, ఒక చిరుతిండి, బస మొత్తానికి ఒక రీఫిల్ మగ్. భోజనం 16 డాలర్లు, సోడా 5 అనుకుంటే రెండు పూటలకు 42. చిరుతిండి 6 కలిపితే 48. మిగిలిన 9 డాలర్లు మగ్ ఖాతాలోకి వెళ్లాలి. ఐదు రాత్రులుంటే 45 అవుతుంది, మగ్ విడిగా కొంటే అందులో సగమే. కౌంటర్‌లో భోజనంతో పాటు బీరో కాక్‌టెయిలో తీసుకునేవాళ్లకు లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే ఆ పానీయం ప్లాన్‌లో కలిసే ఉంటుంది. మద్యం ముట్టనివాళ్లకు, రెండు పూటలా పూర్తి ప్లేటు తినలేనివాళ్లకు ఇది నష్టమే. వాడని క్రెడిట్లు (తినకుండా మిగిలిన భోజనాలు, చిరుతిళ్లు) గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో పోతాయి, డబ్బు వెనక్కి రాదు. ఆఖరి రోజు దుకాణాల్లో సంచుల కొద్దీ చిరుతిళ్లు కొంటూ కనిపించేవాళ్లు ఆ బాపతే.

"షోలు ఎత్తేశారు" అన్నది సగం నిజం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2016 అక్టోబర్ తర్వాత రాత్రి పరేడ్ లేని మాట వాస్తవం. కానీ 2025 జూలై 20న స్టార్‌లైట్ పరేడ్ మొదలైంది. ఫాంటాస్మిక్ రాత్రి షో 2022 నవంబర్‌లో, హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్ బాణసంచా 2023 ఏప్రిల్‌లో తిరిగొచ్చాయి. ఎప్‌కాట్‌లో లూమినస్ రాత్రి షో 2023 డిసెంబర్‌లో వచ్చింది. హాలీవుడ్ స్టూడియోస్‌లో 2025 మే 27న ఒకేరోజు లిటిల్ మర్మెయిడ్, విలన్ల షో తెరిచారు. పోయినవీ ఉన్నాయి. యానిమల్ కింగ్‌డమ్‌లో రివర్స్ ఆఫ్ లైట్ 2020లో ఆగాక దానికి సాటివచ్చే రాత్రి షో రాలేదు. నీమో మ్యూజికల్ 2022లో పొట్టిదై తిరిగొచ్చింది. రైడ్‌కి ఖర్చులో పెద్ద భాగం ఒక్కసారి పెట్టేది. షోకి మాత్రం తెర లేచిన ప్రతిసారీ నటులకు, తెరవెనక పనివాళ్లకు కూలీ ఉంటుంది. కోత పెట్టాలనుకున్నప్పుడు ముందు కత్తెర పడేది అక్కడే. నా దృష్టిలో ఇది తప్పుడు పొదుపు. ఒక థియేటర్ అరగంట పాటు వందలమందిని ఎండ నుంచి, క్యూల నుంచి ఒకేసారి తప్పిస్తుంది.

చివరిది, "ఎపిక్ యూనివర్స్ తెరిచాక డిస్నీ ఖాళీ." 2025 మే 22న యూనివర్సల్ ఆ పార్కు తెరిచిన మాట నిజమే. కానీ డిస్నీ తన పార్కులకు ఎంతమంది వచ్చారో పార్కువారీగా ప్రకటించదు. బయట కనిపించేవన్నీ అంచనాలే. వాటిని చూసినా మ్యాజిక్ కింగ్‌డమ్ సందర్శకులు 2019లో సుమారు 2.1 కోట్ల నుంచి 2023లో 1.77 కోట్లకు తగ్గారు, ఎపిక్ తెరవడానికి రెండేళ్ల ముందే. ఇక వెయిటింగ్ బోర్డు ఫొటో తీసి "చూడండి, ఖాళీ" అని పెట్టడం మరీ తేలిక పని. పైన చెప్పిన లెక్క ఇక్కడా పనిచేస్తుంది. జనం తక్కువ రోజుల్లో రైళ్లు తక్కువ దింపుతారు, కాబట్టి జనం సగమైనా క్యూ సగం కాదు. మూసే వేళ దగ్గరపడితే బోర్డు మీద నిమిషాలను తరచుగా ఎక్కువేసి చూపిస్తారు, కొత్తగా ఎవరూ చేరకుండా. ఆ సమయంలో 60 అని ఉన్న క్యూలో మూసేలోపు కాలు పెడితే చాలు, ఎక్కించే పంపుతారు. చాలాసార్లు అరగంటలోపే బయటపడతారు.